స్క్విడ్ తలలోని రాయి ఎంతవరకు సాక్ష్యం?

కళింగపట్నం తీరంలో స్క్విడ్, కటిల్‌ఫిష్ కొని విశాఖపట్నంలోని ఎగుమతిదారులకు చేర్చే ఏజెంటు ఒకడు ఒకప్పుడు నా దగ్గర ఇంటర్మీడియట్ రసాయనశాస్త్రం చదువుకున్నాడు. ఈ మధ్య ఒక పెళ్లి విందులో పక్కన కూర్చుని, "మాస్టారూ, సరుకు ఒంట్లో గట్టి ముక్కని పరీక్ష చేసి అది ఏ నీళ్లలో పెరిగిందో చెప్పేస్తన్నారట. నిజవేనేటండి? మన సరుకులో ఒడిశా సరుకు కలిస్తే తెలిసిపోద్దేటి?" అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే అతని అవతల కూర్చున్న బోటు యజమాని అందుకుని, "తెలియడానికేటుంది బాబూ! సముద్రం ఒకటే, జాతీ ఒకటే. రేపు పరీక్షలో తేడా నేదని వస్తే అంతా ఒకటేనని తేలిపోయినట్టే కదా" అన్నారు.

ఏజెంటు ప్రశ్నకు జవాబు తేలిక. తల కోసి, లోపలి పలక లాగేసి, చర్మం ఒలిచి, గొట్టాలుగానో వలయాలుగానో పెట్టెల్లోకెక్కిన స్క్విడ్‌లో పరీక్షించదగిన గట్టి భాగం ఏదీ మిగలదు. ఐరోపా సమాఖ్య 2010 నుంచి అడుగుతున్న క్యాచ్ సర్టిఫికెట్, అంటే సరుకును ఎవరు ఎక్కడ పట్టారో తెలిపే ధ్రువపత్రం, పత్రాల మీద నడిచే వ్యవహారమే గాని ప్రయోగశాలలో తేలేది కాదు. అంతకంటే ముఖ్యమైన సంగతి, ఆ పరీక్ష జీవి ఎక్కడ పెరిగిందో చెప్పగలదేమో గాని ఎవరి వలలో పడిందో చెప్పలేదు.

నన్ను ఆలోచనలో పడేసినది బోటు యజమాని మాట. తేడా కనబడితే రెండు సమూహాలు, కనబడకపోతే ఒకటే సమూహం అనే తర్కం వినడానికి ఎంతో సహజంగా ఉంటుంది. చదువుకున్నవారు, అధికారులు సైతం ఇలాగే మాట్లాడగా విన్నాను. గట్టి భాగాల రసాయనం విషయంలో ఈ తర్కం ఒక వైపే నిలుస్తుందని నా అభిప్రాయం. తేడా కనబడితే దానికి కొంత అర్థం ఉంది. కనబడకపోతే, ముందుగా చేయవలసిన ఒక పని చేసి ఉంటే తప్ప, దానికి దాదాపు ఏ అర్థమూ లేదు.

ఇదంతా పనిలేని చర్చ అనుకునేవారికి ఒక్క మాట. ఇచ్ఛాపురం దాటి ఉత్తరానికి వెళితే ఎంతో దూరంలో లేని ఋషికుల్య ముఖద్వారం వద్ద, ఆలివ్ రిడ్లీ తాబేళ్ల కోసం నవంబర్ 1 నుంచి మే 31 వరకు తీరానికి 20 కిలోమీటర్ల లోపల చేపల వేటను ఒడిశా ప్రభుత్వం నిషేధిస్తుంది. అక్కడి స్క్విడ్, మన బారువ, భావనపాడు తీరాల స్క్విడ్ ఒకే సమూహమైతే ఆ ఏడు నెలల నిషేధం మనకు తెలియకుండానే మన వేటను కూడా కొంత కాపాడుతున్నట్లు లెక్క. వేరువేరు సమూహాలైతే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతటా అమలయ్యే విరామం తప్ప మన స్క్విడ్‌కు వేరే రక్షణ లేదు. కాబట్టి "అంతా ఒకటే" అన్న మాటను నిర్ధారణ లేకుండా అనేయడంలో ప్రమాదం ఉంది, ఆ ప్రమాదం ఒక వైపుకే మొగ్గి ఉంది. ఒకటే సమూహాన్ని రెండని పొరబడితే అనవసరంగా కాస్త జాగ్రత్తపడతాం. రెండింటిని ఒకటని పొరబడితే చిన్న సమూహం మన కళ్లముందే తరిగిపోతున్నా మొత్తం లెక్కలో అది కనబడదు.

చేతికి దొరికే వస్తువు

ఆ పెళ్లి తరువాత ఒక ఆదివారం నేను చేపల బజారులో తలలతో సహా స్క్విడ్ కొన్నాను. శుభ్రం చేసి ఇస్తానన్న ఆమెను వద్దని వారిస్తే, తలలు ఎవరు తింటారన్నట్టు చూసింది. ఇంటి దగ్గర తలను వెల్లకిలా తిప్పి, కళ్ల వెనక భాగంలో బ్లేడుతో పలుచగా కోస్తే, పాక్షికంగా కాంతిని పోనిచ్చే మృదులాస్థిలో రెండు చిన్న గుంటలు, ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క తెల్లని చుక్క కనబడ్డాయి. అవే స్టాటోలిత్‌లు. పొడవు ఒకటి రెండు మిల్లీమీటర్లు. నీటిలో తాను ఎటు వాలి ఉందో, ఎంత వేగంగా తిరుగుతోందో స్క్విడ్‌కు తెలియడానికి అవసరమైన రాళ్లివి. సూదిమొనతో బయటికి తీసిన జతలో ఒకదానిపై పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేసి భూతద్దంలో చూశాను. బుడగలు లేచి, చూస్తుండగానే రాయి చిక్కిపోయి మాయమైంది. కాల్షియం కార్బొనేట్ అని తెలిసినా కంటితో చూడడంలో ఒక తృప్తి ఉంది. ఈ రాళ్లను ఫార్మలిన్‌లో నిల్వ చేయకూడదని పరిశోధకులు ఎందుకు హెచ్చరిస్తారో కూడా అప్పుడే బోధపడింది; ఆమ్లగుణమున్న ద్రవంలో సాక్ష్యం కరిగిపోతుంది.

స్టాటోలిత్ అరగొనైట్ రూపంలోని కాల్షియం కార్బొనేట్. అది పొరలు పొరలుగా పెరుగుతుంది, చాలా జాతులలో రోజుకొక పొర చొప్పున. జంతుశాస్త్రజ్ఞుడు మాల్కమ్ క్లార్క్ 1978లో ఈ రాళ్ల ఆకృతిని వివరంగా పరిచయం చేశారు. పొరలు నిజంగా రోజువారీవేనని ఇల్లెక్స్ జాతి స్క్విడ్‌లో నిరూపించిన 1985 నాటి ప్రయోగంలో స్ట్రాన్షియం అనే మూలకాన్నే గుర్తుగా వాడారు: స్ట్రాన్షియం ఎక్కువగా కలిపిన నీటిలో స్క్విడ్‌ను కొంతసేపు ఉంచి, ఆ తరువాత రాయిలో పడిన గుర్తు నుంచి పొరలు లెక్కపెట్టారు. నీటిలో ఉన్నది రాయిలోకి చేరుతుందన్న సంగతి కూడా ఆ ప్రయోగంలోనే ఇమిడి ఉంది.

అది ఎందుకు చేరుతుందో ఇంటర్ విద్యార్థికి చెప్పనవసరం లేదు. ఆవర్తన పట్టికలో కాల్షియం ఉన్న నిలువు వరుసలోనే దాని కింద స్ట్రాన్షియం, ఆ కింద బేరియం ఉన్నాయి. స్ఫటికం కట్టుకుంటున్నప్పుడు కాల్షియం కూర్చోవలసిన చోట అప్పుడప్పుడు ఇవి కూర్చుంటాయి. ఒకసారి కూర్చున్నాక ఆ పొర మళ్లీ కరిగి మారదు. లేజర్ కిరణంతో రాయిపై కొన్ని పదుల మైక్రోమీటర్ల గుంట తవ్వి, ఆ ధూళిని ప్లాస్మాలోకి (అతి వేడి వాయువులోకి) పంపి, పరమాణువులను బరువును బట్టి వేరుచేసే మాస్ స్పెక్ట్రోమీటర్‌తో ఏ మూలకం ఎంత ఉందో లెక్కిస్తారు. రాయి కేంద్రభాగం గుడ్డులో ఉన్నప్పుడే ఏర్పడుతుంది కనుక అక్కడి కొలత పుట్టిన నీటిని, అంచు దగ్గరి కొలత పట్టుబడేనాటి నీటిని సూచించాలి. మన తీరంలో ఎక్కువగా పడే స్క్విడ్ గుడ్ల తొడుగులను అడుగు భాగంలో అతికించే రకం కాబట్టి, పుట్టిన చోటు అనే మాటకు ఇక్కడ కచ్చితమైన అర్థం కూడా ఉంది. మధ్యనీటిలో జిగురు ముద్దలుగా గుడ్లను వదిలే మహాసముద్రపు స్క్విడ్‌లకు ఆ సౌకర్యం లేదు.

సముద్రం చేసే చిక్కు

పురావస్తు పరిశోధకులు మనిషి పంటిలోని స్ట్రాన్షియం ఐసోటోపులను, అంటే ఒకే మూలకపు వేర్వేరు బరువుల పరమాణువులను, బట్టి అతని బాల్యం ఏ నేల మీద గడిచిందో చెబుతారు. మన శ్రీకాకుళం జిల్లాలో పుట్టి గుజరాత్‌లోని వెరావల్ బోట్లలో సగం జీవితం గడిపిన మత్స్యకారుడి పన్ను కూడా, ఎముక మాట ఎలా ఉన్నా, పుట్టిన ఊరి నీటినే గుర్తు పెట్టుకుంటుంది. ఈ ఉదాహరణ విన్నవారు స్క్విడ్ విషయంలోనూ అంతే అనుకుంటారు. అంతే కాదు. నేల మీద రాతిని బట్టి ఐసోటోపుల నిష్పత్తి మారుతుంది. సముద్రంలో స్ట్రాన్షియం లక్షల ఏళ్లు కలిసిపోతూ ఉంటుంది గనుక ఆ నిష్పత్తి బంగాళాఖాతంలోనైనా పసిఫిక్‌లోనైనా సుమారు 0.7092 దగ్గరే ఉంటుంది. నేలపై బాగా పనిచేసే ఈ ఆనవాలు సముద్రంలోకి దిగగానే మూగబోతుంది.

మిగిలేది మూలకాల మోతాదు. అందులోనూ బహిరంగ సముద్రంలో స్ట్రాన్షియం, కాల్షియం నిష్పత్తి పెద్దగా మారదు. కాబట్టి రెండు స్క్విడ్‌ల రాళ్లలో స్ట్రాన్షియం తేడాగా ఉంటే, అది చాలావరకు నీటిలోని తేడా కాదు. నీటి వెచ్చదనంలోనో, అవి తిన్న తిండిలోనో, పెరిగిన వేగంలోనో ఉన్న తేడా. మొప్పల నుంచి రక్తానికి, రక్తం నుంచి రాయి చుట్టూ ఉన్న ద్రవానికి, అక్కడి నుంచి స్ఫటికానికి మూలకం చేరేలోపు జీవి శరీరం దానిని మూడు చోట్ల వడపోస్తుంది. కొన్ని జాతులలో నీరు వెచ్చనైన కొద్దీ స్ట్రాన్షియం తగ్గినట్లు కనబడింది. తొట్టెల్లో పెంచిన కటిల్‌ఫిష్ పిల్లలలో ఉష్ణోగ్రత ప్రభావం బేరియం మీద కనబడింది గాని స్ట్రాన్షియం మీద కనబడలేదు. ఒక జాతిలో కనుగొన్న సూత్రాన్ని మరొక జాతికి అరువు తెచ్చుకోవడం కుదరదు.

బేరియం మరింత ఆశ కలిగిస్తుంది, మరింత తికమకా పెడుతుంది. సముద్రపు పైపొరలో అది తక్కువ, లోతుకు పోయే కొద్దీ ఎక్కువ. వేసవి నెలల్లో నైరుతి నుంచి తీరం వెంబడి వీచే గాలికి విశాఖ పరిసరాలలో అడుగు నీరు పైకి ఉబికినప్పుడు దానితోపాటు బేరియం కూడా పైకి వస్తుంది. నదులు తెచ్చే బంకమట్టి రేణువులకు అంటుకున్న బేరియం ఉప్పునీరు తగలగానే విడివడి నీటిలో కలుస్తుంది; గంగా, బ్రహ్మపుత్ర ముఖద్వారాలలో దీనిని కొలిచి చూపించారు. కళింగపట్నం దగ్గర వంశధార, కల్లేపల్లి దగ్గర నాగావళి, కోనాడ దగ్గర చంపావతి తమ వంతు మట్టిని తెచ్చి పోస్తూనే ఉన్నాయి. ఇక రాయిలో బేరియం ఎక్కువగా ఉందంటే ఆ స్క్విడ్ వేసవిలో ఉబికిన చల్లని అడుగు నీటిలో ఉందనుకోవాలా, వర్షాకాలంలో నది ముఖం దగ్గర ఉందనుకోవాలా, లేక లోతుకు దిగి వచ్చిందనుకోవాలా? ఈ స్క్విడ్‌లు ఉప్పదనం తగ్గిన నీటిని తట్టుకోలేక తప్పుకుంటాయి కనుక నది మాటను కొంత పక్కన పెట్టవచ్చు. పూర్తిగా పెట్టలేం, ఎందుకంటే ఉప్పదనం సరిపడా కోలుకున్న చోట కూడా విడుదలైన బేరియం మిగిలి ఉండవచ్చు.

ఇక్కడే బోటు యజమాని తర్కం విరిగిపోతుంది. రెండు సమూహాలు రెండు వేర్వేరు చోట్ల ఉంటూ, ఒకటి ఉబుకు నీటి వల్ల, ఇంకొకటి నది వల్ల ఒకే మోతాదు బేరియాన్ని మోయవచ్చు. లేదా రెండు చోట్లా నీరే ఒకేలా ఉండవచ్చు. మన తీరప్రవాహం ఫిబ్రవరి నుంచి ఉత్తరానికి, అక్టోబర్ తరువాత దక్షిణానికి వందల కిలోమీటర్ల మేర ఒకే నీటిని నడిపిస్తుంది. గోపాల్‌పూర్ దగ్గరా భీమిలి దగ్గరా ఒకే నీరు ఉన్న కాలంలో పుట్టిన స్క్విడ్‌లు ఎన్నడూ కలుసుకోకపోయినా వాటి రాళ్లు ఒకేలా ఉంటాయి. రసాయనం ఒకేలా ఉందంటే మహా అయితే నీరు ఒకేలా ఉందని అర్థం. కుటుంబం ఒకటేనని కాదు.

కనిపించిన తేడా సంగతి

తేడా కనబడితే అర్థం ఉందని పైన అన్నాను, ఆ మాటనూ కాస్త బిగించాలి. ఏడాదికి కాస్త అటూఇటూగా బతికి, గుడ్లు పెట్టి చనిపోయే జీవి ఇది. మన తీరంలో ఏడాదిలో చాలా నెలలపాటు గుడ్లు పెడుతూనే ఉంటుంది. జనవరిలో పుట్టిన పిల్ల, జూలైలో పుట్టిన పిల్ల ఒకే చోట ఒకే తల్లుల వంశంలో పుట్టినా వాటి రాళ్ల కేంద్రాలు వేరుగా ఉండక తప్పదు. ఫాక్లాండ్ దీవుల దగ్గరి స్క్విడ్‌పై అర్ఖిప్కిన్, ఆయన సహచరులు 2004లో ప్రచురించిన పరిశోధన ఈ రాళ్లలోని మూలకాలు చోటును బట్టీ కాలాన్ని బట్టీ కూడా మారతాయని చూపింది. అక్కడ వసంతంలో గుడ్లు పెట్టేవి, శరత్తులో గుడ్లు పెట్టేవి అని రెండు వర్గాలు ముందే తెలుసు గనుక ఫలితాన్ని చదవగలిగారు. మనకు ఆ ముందస్తు చిత్రం లేదు.

పెళ్లిలో ఆ బోటు యజమానే, "వానలప్పుడు పడేవి, సంక్రాంతికి పడేవి ఒకలాగుండవు బాబూ, సంక్రాంతివి పొట్టిగా, దళసరిగా ఉంటాయి" అని కూడా అన్నారు. సముద్రం ఒకటే, జాతి ఒకటే అన్న నోటితోనే ఈ మాటా వచ్చింది. ఆ తేడా వయసుదా, ఆడ మగ తేడానా, రెండు వేర్వేరు కాలాల సంతానమా అన్నది ఆయనకు అవసరం లేదు, ధర కుదిరితే చాలు. పరీక్ష చేసేవారికి మాత్రం అది మొదటి ఆధారం కావాలి. రాయిలోని పొరలు లెక్కపెట్టి పుట్టిన నెల తేల్చుకుని, ఒకే నెలలో పుట్టినవాటినే చోటుకూ చోటుకూ మధ్య పోల్చకపోతే, రుతువుల తేడాను సరిహద్దుల తేడాగా ప్రకటించే ప్రమాదం ఉంది.

ఒకే గుంపులోనూ ఒక్కొక్క జీవిది ఒక్కొక్క దారి. పెరూ జలాలలో పట్టిన, దాదాపు ఒకే పరిమాణం గల జంబో స్క్విడ్‌ల గ్లాడియస్‌లను, అంటే మనం శుభ్రం చేసేటప్పుడు లాగి పారేసే ఆ పారదర్శక పలకలను, పొడవునా ముక్కలుగా కోసి కార్బన్, నైట్రోజన్ ఐసోటోపులు కొలిచిన 2011 నాటి పరిశోధనలో ఒకదాని జీవితచరిత్ర మరొకదానితో పొంతన కుదరలేదు. గ్లాడియస్, నోటిలోని చిలక ముక్కు లాంటి నల్లటి ముక్కు, కంటి కటకం కూడా స్టాటోలిత్ లాగే ఒకసారి ఏర్పడితే మారని భాగాలు. వీటిలో ఎక్కువగా కనబడేది తిండి చరిత్ర. ముక్కు మొన తింటూ తింటూ అరిగిపోతుంది గనుక బాల్యపు పేజీలు అందులో చిరిగిపోయి ఉంటాయి. కంటి కటకం నడిబొడ్డు మాత్రం పిల్లగా ఉన్నప్పటిదే. రాయిని, కటకాన్ని ఒకే తలలోంచి తీసి కలిపి చదివితే ఒంటరి సాక్షి మీద ఆధారపడే బాధ కొంత తప్పుతుంది.

నాకు అన్నిటికంటే అనుమానం కలిగించేది గణాంకాల భాగం. కళింగపట్నం, విశాఖపట్నం, గోపాల్‌పూర్ అని మూడు చోట్ల నమూనాలు తీసి, కంప్యూటరుకు ఆ మూడు గుంపులు నేర్పి, కొత్త స్క్విడ్‌ను చూపిస్తే అది ఆ మూడింటిలో ఒకదానిని ఎంచుకుంటుంది. ఆ స్క్విడ్ కాకినాడ దగ్గర పుట్టినదైనా సరే, "నాకు తెలియదు" అనే గడి దానికి ఇవ్వకపోతే మూడింటిలో ఒకదానిలో పడక తప్పదు. నూటికి ఇన్ని సరిగా వర్గీకరించాం అనే అంకె చూసి మురిసేముందు, చూడని చోట్లు ఎన్ని మిగిలాయో అడగాలి.

నాకు ఎదురయ్యే బలమైన అభ్యంతరం

జంతుశాస్త్రం బోధించే ఒక సహోద్యోగి ఇదంతా విని ఒక మాట అన్నారు. "తేడా వస్తే సీజన్ అంటారు, రాకపోతే నీరు ఒకటే అంటారు. అలాగైతే ఈ పరీక్ష ఎన్నటికీ ఓడిపోదు. ఓడిపోలేని పరీక్ష పరీక్ష కాదు కదండీ. జన్యువులు చూస్తే సరిపోదా?"

జన్యువుల మాటకు జవాబు నా దగ్గర ఉంది. తరానికి కొద్ది జీవులు అటూఇటూ కలిసినా చాలు, రెండు సమూహాల జన్యువులు దాదాపు ఒకేలా ఉండిపోతాయి. కాని ఆ కొద్ది జీవులు ఇక్కడ ఖాళీ అయిన వేటను ఈ ఏడాదిలో నింపలేవు. వేల ఏళ్ల కలయికను జన్యువు చెబుతుంది. ఈ ఏటి పిల్లలు ఎక్కడివో రాయి చెబుతుంది. మత్స్యకారుడికి కావలసింది రెండోదే. ఏటేటా కొత్త తరమే మొత్తం వేటగా మారే ఈ జీవి విషయంలో మరీను.

మొదటి అభ్యంతరం మాత్రం న్యాయమైనది. "తేడా లేదు" అన్న ఫలితానికి ఎప్పటికీ విలువ లేదని నేను అనలేను. ముందుగా ఒక పని చేసి ఉంటే విలువ ఉందని అన్నది అందుకే. రెండు చోట్ల నీరు నిజంగా వేరుగా ఉందని, ఆ రెండు చోట్ల అదే నెలలో పొదిగిన పిల్లల రాళ్లు కూడా వేరుగా ఉన్నాయని మొదట చూపాలి. ఆ తరువాత రెండు తీరాల పెద్ద స్క్విడ్‌ల రాళ్ల కేంద్రాలు కలగలిసి కనబడితే, అప్పుడు బోటు యజమాని మాటే గెలుస్తుంది, నేను ఒప్పుకుంటాను. ఈ మెట్టు ఎక్కకుండా పెద్ద స్క్విడ్‌లను మాత్రమే తెచ్చి పోల్చడం, ప్రశ్నపత్రం చూడకుండా జవాబులు దిద్దడం వంటిది.

ఆ మెట్టు ఎక్కడం ఊహించినంత కష్టం కాదని నా నమ్మకం. స్క్విడ్ గుడ్ల తొడుగులు, వేలెడు పొడవున్న తెల్లని జిగురు కాయలు గుత్తులు గుత్తులుగా, అప్పుడప్పుడు వలలకు చుట్టుకుని పైకి వస్తాయి. వాటిని విదిలించి నీటిలోకి పారేస్తారు. వాటిలో కొన్నింటిని, ఎక్కడ ఏ తేదీన దొరికాయో రాసుకుని, అక్కడి నీటితోనే బకెట్టులో తెచ్చి గాలి పంపే తొట్టెలో పొదిగిస్తే, పుట్టిన చోటు గురించి ఏ సందేహమూ లేని రాళ్లు చేతికొస్తాయి. బారువ, కళింగపట్నం, చింతపల్లి, భీమిలిలో ఒకే పక్షంలో ఈ పని జరగాలి. ఉత్తరాన గోపాల్‌పూర్‌లో ఎవరైనా కలిసి వస్తే మరీ మంచిది. ఖర్చు వచ్చేది లేజర్ యంత్రం దగ్గరే గాని గుడ్లు సేకరించడం దగ్గర కాదు. విశాఖలో మత్స్య పరిశోధన కేంద్రాలు ఉండనే ఉన్నాయి.

దీనిలోనూ ఒక చిల్లు ఉంది. గుడ్డులోని పచ్చసొన తల్లిది. రాయి నడిబొడ్డున ఉన్న మొదటి పొరలలోని మూలకాలు కొంతవరకు తల్లి తిరిగిన నీటి నుంచి, కొంతవరకు గుడ్డు ఉన్న నీటి నుంచి వస్తాయి. లేజర్ తవ్వే గుంట వెడల్పు ఆ రెండింటినీ విడదీసేంత సన్నం కాదు. మాంగనీస్, మెగ్నీషియం వంటి మూలకాలపై శరీరపు అదుపు ఎక్కువ గనుక అవి తల్లి ప్రభావాన్ని ఎక్కువగా చూపించే అవకాశం ఉంది. అందువల్ల ఒకే గుత్తిలోని గుడ్లలో సగం అక్కడి నీటిలో, సగం వేరే తీరం నుంచి తెచ్చిన నీటిలో పొదిగించి చూడాలి. రెండు భాగాల పిల్లల రాళ్లలో తేడా వస్తే నీరు మాట్లాడుతున్నట్టు, రాకపోతే తల్లి మాట్లాడుతున్నట్టు. తల్లే మాట్లాడుతున్నదని తేలితే రాయి కేంద్రాన్ని పుట్టిన చోటుకు గుర్తుగా వాడడం మానేసి, పొదిగిన తరువాత కొన్ని రోజులకు ఏర్పడిన పొరల దగ్గర కొలవడం మొదలుపెట్టాలి.